మా పచ్చడి అమ్మమ్మ చేసింది కాదు

నాలుగేళ్ళ కిందట కొత్త లేబుళ్ళు వేయిద్దామని రాజమండ్రిలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్ళాం. డిజైన్ చేసే కుర్రాడు అప్పటికే మూడు నమూనాలు వేసి ఉంచాడు. మూడింట్లోనూ ఒక పెద్దావిడ, నెరిసిన జుట్టు, రూపాయి కాసంత బొట్టు, జరీ అంచు నేత చీర, పక్కనే జాడీ, చేతిలో చెక్క గరిటె. కింద పెద్దక్షరాల్లో "అమ్మమ్మ చేతి రుచి" అని. ఈవిడ ఎవరు బాబూ అని అడిగితే, ఫొటోలు అమ్మే సైటులో కొన్నదండీ, పచ్చళ్ళవాళ్ళందరూ ఇలాంటిదే అడుగుతారు అన్నాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు, అందరూ అడిగేదే మాకూ చేశాడు. నేను ఆ మూడూ పట్టుకుని ఇంటికొచ్చి అత్తయ్యకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి "ఈవిడ చేతికి ఎప్పుడూ కారం అంటినట్టు లేదే అమ్మాయ్" అంది.

ఆ లేబుల్ మేం వేయించలేదు. కానీ ఆ రోజు నించి ఒక ప్రశ్న పట్టుకుంది, మరి మా డబ్బా మీద ఎవరి బొమ్మ ఉండాలి, అసలు మా పచ్చడి ఎవరు చేస్తున్నారు, ఆ సంగతి మేం ఎందుకు ఎక్కడా చెప్పట్లేదు అని. నాలుగేళ్ళుగా దాని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను, ఇంట్లో వాదించుకుంటూనే ఉన్నాం, ఇప్పటికి రాయగలుగుతున్నాను.

మాది తణుకు దగ్గర ఒక చిన్న పచ్చళ్ళ కంపెనీ. కంపెనీ అనే మాట కూడా పెద్దదే, ఇంటి వెనక వేసిన రేకుల షెడ్డు, రెండు గదులు, ఒక వరండా. 2009లో అత్తయ్య మొదలుపెట్టింది. మామయ్యగారికి పక్షవాతం వచ్చి షాపు మూసేయాల్సొచ్చిన సంవత్సరం అది. మొదటి రెండు మూడేళ్ళు నిజంగానే అత్తయ్య ఒక్కతే చేసేది, ఆవకాయ, మాగాయ, గోంగూర, చింతకాయ, తెలిసినవాళ్ళకే అమ్మేది. అప్పుడు "ఇంట్లో చేసిన పచ్చడి" అంటే అక్షరాలా ఇంట్లో చేసిందే. ఇప్పుడు ఏడాది పొడవునా పదకొండు మంది పనిచేస్తారు, మామిడికాయల సీజన్లో ఇంకో ఏడుగురు కలుస్తారు. అత్తయ్యకి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, ఆవిడ కుర్చీలో కూర్చుని రుచి చూసి చెప్పడమే తప్ప కలపడం మానేసి చాలా కాలమైంది. కాబట్టి ఇప్పుడు మేం డబ్బా మీద అమ్మమ్మ బొమ్మ వేస్తే అది అబద్ధం. మా అత్తయ్య ఫొటో వేసినా సగం అబద్ధమే.

మరి నిజం ఏంటి? చెప్తాను.

ఆవకాయ మొదలయ్యేది బాబాయితో. ఇక్కడ ఎవరి పేరూ రాయట్లేదు, ఎందుకో తర్వాత చెప్తాను, మేం పిలుచుకునే వరసలే వాడుతున్నాను. బాబాయి ముక్కలు కొట్టే మనిషి. మిగతా ఏడాదంతా ఆయనకి వేరే పనులు, కొబ్బరికాయలు దింపడం, కోతలప్పుడు చేలో పని, ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే మాత్రం తన కత్తి తనే తెచ్చుకుని మా షెడ్డులో దిగుతాడు. ఆవకాయ ముక్క కొట్టడం అంటే కూరగాయలు తరగడం కాదు. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే ఆ ముక్క మూడు నెలలకే మెత్తబడి ఊటలో కలిసిపోతుంది. టెంక పట్టని లేత కాయ అయితే ముక్క నిలవదు, మరీ ముదిరితే కత్తి పక్కకి జారుతుంది, పైగా లోపల పులుపు తగ్గి పండు తిరగడం మొదలై ఉంటుంది. ఒక్క దెబ్బకి టెంకతో సహా చీలాలి, రెండో దెబ్బ పడితే టెంక పలుకులు పలుకులుగా విరిగి పచ్చట్లో పంటికింద పడతాయి. తర్వాత జీడి తీసేయాలి, దాని కింద ఉండే పల్చటి పొర గోకేయాలి, తడి లేని గుడ్డతో ఒక్కో ముక్కా తుడవాలి. ఒక్క నీటి చుక్క చాలు జాడీ మొత్తం బూజు పట్టడానికి.

మూడేళ్ళ కిందట నూజివీడు వైపు నించి ఒక లోడు తెప్పించాం, చిన్నరసాలు, చూడ్డానికి ఒక్కో కాయా పచ్చగా గట్టిగా ఉంది. బాబాయి బుట్టలో చెయ్యి పెట్టి నొక్కి చూస్తూ మూడో వంతు కాయలు పక్కన పడేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది, డబ్బులు కట్టి తెచ్చిన కాయ కదా, బాగానే ఉన్నాయి కదా బాబాయ్ అని గట్టిగానే అన్నాను. ఆయన ఏం మాట్లాడలేదు, పక్కన పడేసిన వాటిల్లోంచి పది కాయలు తీసి టకటకా కొట్టి నా ముందు పెట్టాడు. పదింటిలో తొమ్మిదింటికి టెంక చుట్టూ పసుపు రంగు తిరిగింది. పచ్చి తొక్క కింద ఏం జరుగుతోందో ఆయన బొటనవేలికి తెలుసు. ఆ కాయలు గనక కలిపేసి ఉంటే ఆగస్టుకి పచ్చడి తియ్యగా పులిసిపోయేది, ఆ ఏడాది మా వ్యాపారం అక్కడితో ఆగిపోయేదేమో.

తర్వాత మిరపకాయలు. మేం కారానికి తేజ కొంచెం, రంగుకి వరంగల్ చపాటా ఎక్కువ వేస్తాం. చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, గుంటూరు సన్నానికి ఎప్పుడో ఉంది, బంగినపల్లి మామిడికి 2017లో వచ్చింది. చాలా సంతోషం, రైతులకి, ఆ ఊళ్ళకి రావాల్సిన పేరే అది. కానీ ఆ మిరపకాయల తొడిమలు ఎవరు తీస్తారు? గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర, కళ్ళాల్లో, ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా కూర్చుని తీస్తారు. మా దగ్గర పిన్ని, ఇంకో ఇద్దరు కూర్చుంటారు, చింతచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని. తొడిమ తీయడం ఒక్కటే కాదు, తాలు కాయ ఏరేయాలి, మచ్చ ఉన్నది ఏరేయాలి, లోపల బూజు పట్టినది పైకి బాగానే కనిపిస్తుంది, ఊపి చూస్తే గింజ చప్పుడు తేడాగా ఉంటుందట, పిన్ని చెప్పింది, నాకు ఇప్పటికీ ఆ తేడా వినపడదు. సాయంత్రానికి ఆ ముగ్గురి చేతులూ మండిపోతుంటాయి. మిరపలో ఉండే ఆ మంట నీళ్ళకి కరగదు, నూనెకి కరుగుతుంది, అందుకే వాళ్ళు ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడుక్కుంటారు. ఇంటికెళ్ళి పిల్లల్ని ముట్టుకోవాలంటే అంత జాగ్రత్త. చంటిబిడ్డ తల్లి ఎవరైనా పనికొస్తే పిన్ని ఆ అమ్మాయిని మిరపకాయల దగ్గరికి రానివ్వదు, అది ఆవిడ పెట్టిన రూలు, మేం పెట్టింది కాదు.

ఇక పెద్దక్క. నిజానికి ఈ వ్యాసం ఆవిడ కోసమే రాస్తున్నాను. 2011లో గిన్నెలు కడగడానికి వచ్చింది. అత్తయ్య కలుపుతుంటే పక్కన నిలబడి చూసేది. ఒకసారి అత్తయ్యకి జ్వరం వచ్చింది, రోహిణి కార్తె నడుస్తోంది, కొట్టిన ముక్కలు ఆరబెట్టి ఉన్నాయి, రేపటిదాకా ఆగితే పాడైపోతాయి, ఆ రోజు పెద్దక్క కలిపింది. మర్నాడు అత్తయ్య లేచి రుచి చూసి "ఇది నేను కలిపానా" అని అడిగిందట. అప్పట్నించి ఆవిడే కలుపుతోంది.

చాలామంది మమ్మల్ని రెసిపీ అడుగుతారు, ఏదో రహస్యం ఉందనుకుంటారు. ఏ రహస్యమూ లేదండీ. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె, కాసిని మెంతులు, మన జిల్లాల్లో ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. అత్తయ్య సోలలతో, మానికలతో కొలిచేది. నేను వచ్చాక పద్ధతిగా ఉండాలని అన్నీ గ్రాముల్లోకి మార్చాను, కాగితం మీద రాసి గోడకి అంటించాను, మొదటి బ్యాచే ఉప్పు చేదయ్యింది. ఎందుకంటే సోల కల్లుప్పు వేరు, సోల మెత్తటి ఉప్పు వేరు, గింజ ఎంత సన్నగా ఉంటే సోలలో అంత ఎక్కువ బరువు పడుతుంది, అత్తయ్య కల్లుప్పుని ఎండబెట్టి కచ్చాపచ్చాగా దంచుకునేది, నేను మెత్తటి ఉప్పుతో సోల నింపి తూచి అదే అంకె రాసుకున్నాను. ఆ తప్పు పట్టుకున్నది పెద్దక్క. ఆవిడ ఆరో తరగతితో చదువు ఆపేసింది, గ్రాముల లెక్క ఆవిడకి అలవాటు లేదు, కానీ గుప్పిట్లో ఉప్పు పట్టుకుని "ఇది బరువుగా ఉందమ్మాయ్‌గారూ, రోజూ వేసేది కాదు" అంది. ఇప్పుడు మా గోడ మీద ఉన్న కొలతలు ఆవిడ చెయ్యి చూసి నేను రాసుకున్నవి.

ఆవాలు ఎండబెట్టి మర ఆడించేటప్పుడు కూడా ఆవిడ దగ్గరుండాలి, మర వేడెక్కితే ఆవపిండి చేదెక్కుతుంది, మధ్య మధ్యలో ఆపి చల్లారనివ్వాలి. కలిపిన మూడో రోజు తిరగ కలిపేటప్పుడు అసలు పరీక్ష. ఊట ఎంత వచ్చింది, నూనె పైకి తేలిందా, ఉప్పు చాలిందా. ఆ రోజు ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే ఏం చెయ్యలేం, అందుకని ఆవిడ మొదటి రోజు ఎప్పుడూ ఒక పిడికెడు తగ్గించే వేస్తుంది. డాక్టర్లకి హస్తవాసి అంటాం చూడండి, అలాంటిది.

మిగతావాళ్ళు: పచ్చళ్ళు డబ్బాల్లోకి ఎత్తి సీలు వేసే ముగ్గురు, గోంగూర ఒలిచే ఇద్దరు, కొరియర్లు కట్టే అబ్బాయి, బీకాం చదివి లెక్కలు, లేబుళ్ళు చూసే అమ్మాయి. సరుకు తేవడం మావారు, ఫోన్లు నేను.

ఆ లేబుళ్ళ అమ్మాయి వల్ల నాకు ఒక సంగతి బాగా అర్థమైంది. మన డబ్బా మీద ఎంత రాయాలో తెలుసా? తయారు చేసిన సంస్థ పేరు, చిరునామా, పధ్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార పదార్థాల లైసెన్సు) నంబరు, బ్యాచ్ నంబరు, ఏ సరుకు ఎక్కువ బరువు పడిందో ఆ వరసలో దినుసులు, నికర బరువు, తేదీలు, శాకాహారం అని పచ్చ చుక్క. అమెరికాకి పంపాలంటే 2023 జనవరి 1 నించి నువ్వులు కూడా అలర్జీ కలిగించే పదార్థాల్లో చేరాయి, కాబట్టి మన నువ్వుల నూనె సంగతి అక్కడి చట్టం అడిగినట్టుగా ప్రత్యేకంగా తెలిసేలా రాయాలి. అవన్నీ ఉండాల్సినవే, తినేవాళ్ళ ప్రాణాలకి సంబంధించినవి. మెంతి గింజకి కూడా ఆ డబ్బా మీద చోటుంది. కలిపిన మనిషికి లేదు. ఆ ఖాళీలోనే మనందరం ఆ ఫొటోలో అమ్మమ్మని తెచ్చి కూర్చోబెడుతున్నాం.

దీనికి నాకు చాలామంది చెప్పిన సమాధానం ఒకటే, కస్టమర్‌కి కథ కావాలి, అమ్మమ్మ అంటే ఒక ఫీలింగ్, కూలిమనిషి అంటే ఫీలింగ్ రాదు అని. మా మరిది కూడా ఇదే అంటాడు, వాడు మార్కెటింగ్‌లో పనిచేస్తాడు, వాడి మాట తీసిపారేయలేను. ఎక్కడో డల్లాస్‌లో ఉన్న మనిషికి వేడన్నంలో ఆవకాయ కలుపుకోగానే వాళ్ళమ్మ గుర్తొస్తుంది, అది నిజమైన ప్రేమ, నేను దాన్ని గౌరవిస్తాను. కానీ ఆ అమ్మ వాళ్ళమ్మ. ఆవిడ జ్ఞాపకాన్ని మా డబ్బాకి అంటించుకునే హక్కు మాకు ఎక్కడిది?

ఇంకో మాట, ఇది ఎక్కువ బాధపెట్టేది. అమ్మమ్మ ప్రేమతో చేసింది అని మనం అన్నప్పుడల్లా అది పని కాదు అని కూడా అంటున్నాం. ప్రేమతో చేసినదానికి కూలి అడిగితే బాగోదు కదా. మా అత్తయ్యనే అడిగాను, మీ చిన్నప్పుడు ఆవకాయ రోజులు ఎలా ఉండేవి అని. ఉమ్మడి కుటుంబం, మూడు వందల కాయలు, ఎండలు మండిపోతుంటే వంటింటి వెనక కూర్చుని కారం దంచేవాళ్ళట. "రాత్రి చేతులు మంటెక్కి నిద్ర పట్టేది కాదే, తడి గుడ్డ చుట్టుకుని పడుకునేదాన్ని, పొద్దున్నే మళ్ళీ లేవాలి. అందరూ పచ్చడి బాగుందనేవాళ్ళు, చేతులు ఎలా ఉన్నాయని ఒక్కళ్ళూ అడగలేదు" అంది. అమ్మమ్మ చేతి రుచి అని ఇంత మురిసిపోయే మనం అమ్మమ్మ చెయ్యి ఎప్పుడైనా చూశామా? ఆ రోజుల్లో ఇంట్లో జీతం లేకుండా చేయించుకున్న పని పేరు చెప్పుకుని, ఇవాళ తక్కువ కూలికి చేయించుకునే పనిని దాచుకుంటే అది ఇద్దరికీ అన్యాయమే, ఆ అమ్మమ్మకీ, మా పెద్దక్కకీ.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి వస్తాను. పేర్లు ఎందుకు రాయలేదో.

నేను ఈ కంపెనీ పనిలోకి వచ్చిన కొత్తలో హైదరాబాద్ నించి ఒకావిడ ఫోన్ చేశారు. చాలా మర్యాదగా, ఆప్యాయంగా మాట్లాడారు, కేజీ ఆవకాయ, కేజీ మాగాయ, అరకేజీ ఉసిరి చెప్పారు, పిల్లల సంగతులు అడిగారు, చివర్లో గొంతు కాస్త తగ్గించి "ఇంతకీ చేసేదెవరమ్మా, మనవాళ్ళేనా" అని అడిగారు. నాకు అర్థమైంది ఏం అడుగుతున్నారో. "మేమే చేస్తామండీ" అన్నాను. అప్పుడు పెద్దక్క నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి, మోచేతులదాకా కారంతో, బేసిన్లో ఆవకాయ కలుపుతోంది. విన్నది. తలెత్తలేదు. ఆర్డరు పోకూడదని నేనన్న ఆ ఒక్క మాటతో ఆవిణ్ణి ఆ షెడ్డులోంచి మాయం చేసేశాను. అది తప్పని నాకు ఆ క్షణమే తెలుసు. ఇప్పటికీ ఆ బేసిన్ చప్పుడు నాకు గుర్తొస్తుంది.

ఆ ప్రశ్న తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది, రకరకాల మాటల్లో. మడిగా చేస్తారా, ఎవరెవరు ముట్టుకుంటారు, మీరేవిట్లు. మార్కెట్‌లో కులం పేరు పెట్టే అమ్మే పచ్చళ్ళున్నాయి, అందరికీ తెలిసిందే. శుభ్రత గురించి అడగండి, వంద సార్లు అడగండి, మా షెడ్డుకి వచ్చి చూడండి, తలకి టోపీలు, చేతులు కడుక్కునే చోటు, తడి గుడ్డ కనిపిస్తే పెద్దక్క ఎలా అరుస్తుందో వినండి. కులం అడిగితే మాత్రం ఇప్పుడు సమాధానం చెప్పను. ఆ ప్రశ్నకి పచ్చడితో సంబంధం లేదండీ, బూజుకి కులం తెలీదు, తడి తెలుసు అని చెప్పి పెట్టేస్తాను. కొన్ని ఆర్డర్లు పోయాయి. పోనివ్వండి అంది అత్తయ్య. ఆవిడ ఆ మాట అంటుందని నేను అనుకోలేదు, ఎందుకంటే ఆవిడ చిన్నప్పుడు పెరిగిన ఇల్లు వేరు, పద్ధతులు వేరు.

లేబుళ్ళ గొడవ తర్వాత నేను అందర్నీ కూర్చోబెట్టి అడిగాను, డబ్బా మీద మీ పేర్లు, ఫొటోలు వేద్దామనుకుంటున్నాను, ఏమంటారు అని. నాకు చాలా మంచి పని చేస్తున్నాననే ఉత్సాహం. బాబాయి వెంటనే సరే అన్నాడు, మీసం దువ్వుకుని ఫొటో కూడా దిగాడు. పిన్ని వద్దంది, వాళ్ళబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, తల్లి మిరపకాయల పనికి వెళ్తోందని తెలిస్తే ఇబ్బందట. పెద్దక్క చాలాసేపు ఏం మాట్లాడకుండా తర్వాత అంది: "నా పేరు సూడగానే సర్చికెళ్ళేదాన్నని తెలిసిపోద్దమ్మా. ఎందుకొచ్చింది, సరుకు ఆగిపోద్ది, అందరికీ పని పోద్ది."

నేనేమనగలను? ఏం కాదక్కా అని చెప్పడానికి నాకు ధైర్యం రాలేదు, ఎందుకంటే అవుతుందని నాకు తెలుసు, ఫోన్లు ఎత్తేది నేనే కదా. నేను గౌరవం ఇస్తున్నానని అనుకుని ఆవిణ్ణి ముందుకి తోస్తే, వచ్చే మాటలు పడేది ఆవిడ. పరిచయం చేయడం మంచి పనే కానీ ఎవర్ని పరిచయం చేస్తున్నామో వాళ్ళని అడక్కుండా చేస్తే అది మన ముచ్చట తీర్చుకోవడమే. అందుకే ఇక్కడ పేర్లు లేవు, బాబాయి పేరు కూడా రాయలేదు, ఒక్కడి పేరు రాసి మిగతావాళ్ళని వదిలేస్తే ఆ ఖాళీలు చూసి జనం ఏవో అనుకుంటారు.

మరి మీకేం కావాలి అని అడిగాను. ఇది ముందే అడగాల్సిన ప్రశ్న. మొదట చెప్పింది సీలు వేసే అమ్మాయి, "మేడం, మేం ఇక్కడ పనిచేస్తున్నట్టు ఏదైనా కాగితం ఇస్తారా, బ్యాంకులో అడిగారు" అంది. డ్వాక్రా గ్రూపు కాకుండా సొంతంగా లోను కోసం వెళ్తే ఎక్కడ పనిచేస్తున్నావు, జీతం రుజువేంటి అన్నారట. మేం అప్పటిదాకా శనివారం శనివారం చేతికి డబ్బిచ్చేవాళ్ళం, ఒక పాత నోటుబుక్కులో టిక్కులు. పదేళ్ళు పనిచేసిన మనిషికి పనిచేసినట్టు ఒక్క కాగితం లేదు. లేబుల్ మీద లేకపోవడం కంటే ఇది పెద్ద లోటు, ఇన్నాళ్ళూ నా బుర్రకి తట్టలేదు.

హాజరు పుస్తకం పెట్టాం, జీతాలు బ్యాంకు ఖాతాల్లో వేస్తున్నాం, నెలనెలా స్లిప్పు ఇస్తున్నాం. తర్వాత ఈఎస్ఐ, అంటే పనివాళ్ళకి ప్రభుత్వం నడిపే బీమా. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసేచోట ఈఎస్ఐ ఉండాలి, నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకి వర్తిస్తుంది, యజమాని 3.25 శాతం, పనివాళ్ళు 0.75 శాతం కట్టాలి. పన్నెండు వేల జీతం మీద మాకు పడేది 390 రూపాయలు, వాళ్ళకి పడేది 90. దానికి కుటుంబం మొత్తానికి వైద్యం, జబ్బు చేసి సెలవు పెడితే జీతంలో 70 శాతం 91 రోజుల వరకూ, కాన్పుకి 26 వారాలు. ఈ లెక్క చూసుకున్నాక నాకు సిగ్గేసింది, మూడు వందల తొంభై రూపాయలు, అరకేజీ పచ్చడి ఖరీదు కూడా కాదు. పీఎఫ్ ఇరవై మంది ఉంటేనే తప్పనిసరి, మేం సీజన్లో కూడా పద్ధెనిమిది దగ్గరే ఆగుతాం, అయినా అదీ చేయాలని మావారితో పోరు పెడుతున్నాను, ఇంకా తేలలేదు.

ఇంత చిన్న కంపెనీలకి ఇవన్నీ అయ్యే పనేనా అని తోటి పచ్చళ్ళవాళ్ళు అడుగుతారు. మా చుట్టుపక్కల పచ్చళ్ళ మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి, ఉసులుమర్రు ఊరి పేరు చెబితేనే జనానికి పచ్చళ్ళు గుర్తొస్తాయి, అందరి లాభాలూ సన్నగానే ఉంటాయి, నాకు తెలుసు. కానీ చిన్నగా మొదలైనవాళ్ళే ఇంకో దారి చూపించారు కూడా. 1959లో ముంబై గిర్‌గామ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు, అదే లిజ్జత్ పాపడ్. అక్కడ అప్పడం ఒత్తే ప్రతి మనిషీ సంస్థలో భాగస్వామి, కూలిమనిషి కాదు, ఒకరినొకరు బెహన్ అని పిలుచుకుంటారు. మొదటి ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ప్యాకెట్ కొనేవాళ్ళకి ఒత్తిన చేతులు ఎవరివో తెలుసు, తెలిసి కూడా అరవై ఏళ్ళకి పైగా కొంటూనే ఉన్నారు. మేం లిజ్జత్ కాదు, పెద్దక్కకి వాటా ఇచ్చే స్థితికి ఇంకా రాలేదు, కానీ పనిచేసేవాళ్ళ సంగతి చెబితే సరుకు అమ్ముడుపోదు అనే మాట నేను నమ్మను.

పేర్లు వేయలేకపోయినా ఇంకొకటి చేశాం. ఎలాగూ ప్రతి డబ్బా మీదా బ్యాచ్ నంబరు ఉంటుంది కదా, షెడ్డులో ఉన్న బ్యాచ్ రిజిస్టర్‌లో కాయ ఎక్కడిది, కారం ఎప్పుడు ఆడించాం అని మాత్రమే రాసేవాళ్ళం, ఇప్పుడు ముక్కలు ఎవరు కొట్టారు, తొడిమలు ఎవరు తీశారు, ఎవరు కలిపారు, మూడో రోజు ఎవరు రుచి చూశారు, అన్నీ రాస్తున్నాం, ఎవరి గడిలో వాళ్ళే సంతకం పెడతారు. కస్టమర్ బాగుందని ఫోన్ చేస్తే నంబరు అడిగి, రిజిస్టర్ తీసి, కలిపిన మనిషి దగ్గరికెళ్ళి చెప్తాను. బాగోలేదన్నా అంతే. పోయినేడు ఒక బ్యాచ్‌లో రెండు డబ్బాలు బూజు పట్టాయి, వెనక్కి వెళ్ళి చూస్తే ఆ రోజు తుఫాను ముసురు, ముక్కలు సరిగ్గా ఆరలేదు, పెద్దక్క ఆగమన్నా వినకుండా కొరియర్ తేదీ ఉందని తొందరపెట్టింది నేను, ఆ సంగతి ఆవిడ పక్కనే రాయించింది. అది కూడా ఆ పుస్తకంలో అలాగే ఉంది.

ఈ జూన్‌లో డల్లాస్ నించి ఒకావిడ ఫోన్ చేశారు. ఆవకాయ తిని ఏడుపొచ్చిందన్నారు, బ్యాచ్ నంబరు తనే చెప్పి, ఇది కలిపినావిడ పక్కన ఉంటే ఒకసారి మాట్లాడొచ్చా అని అడిగారు. మనవాళ్ళేనా అని అడగలేదు. నేను స్పీకర్ ఆన్ చేసి ఫోన్ పెద్దక్క ముందు పట్టుకున్నాను, ఆవిడ చేతులు కారంలో ఉన్నాయి. ఫోన్‌లో డల్లాస్ ఆవిడ "మా అమ్మ పోయి ఆరేళ్ళయిందండీ, మళ్ళీ ఇలా తిన్లేదు" అంటున్నారు. పెద్దక్క కాసేపు విని, ఏం అనాలో తెలీక నా వైపు చూసి, తర్వాత ఫోన్ వైపు వంగి గట్టిగా అడిగింది.

"అమ్మా, నూనె పైకి తేలిందా? అడుక్కి దిగిపోతే ఓ గరిటెడు కాచి చల్లార్చి పోసుకోండి. పొడి గరిటెతోనే తియ్యండి, తడి తగలనీకండి."